కృష్ణా రామా అనుకుంటూ...

“కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక నీకెందుకయ్యా ఇవన్నీ?”

ఈ మాట పడని ముసలివాళ్లు మన ఇళ్లలో అరుదు. చెరువు గట్టు తెగేట్టుందని చెప్పబోయిన తాతకీ, మనవరాలికి తెచ్చిన సంబంధం బాగాలేదన్న అవ్వకీ, సంఘ సమావేశంలో లేచి “ఇంకొక్క విషయం” అన్న పాత కార్యకర్తకీ మనం చెప్పే జవాబు ఇదే. ఇంట్లో మొరటుగా చెబుతాం, సభలో మర్యాదగా చెబుతాం. మాట చిన్నదే గాని అందులో ఒక తత్వం మొత్తం ఇమిడి ఉంది. వయసు మళ్లిన మనిషికి లోకంతో పని తీరిపోయింది, ఇక మిగిలింది పరలోకం. అక్కడికి బండి వచ్చేదాకా స్టేషన్లో కూర్చున్నట్టు కూర్చోవాలి. ఇతరుల దారికి అడ్డం లేకుండా కూర్చోవాలి. అందుకే మూల.

అయితే ఈ మాట అందరు ముసలివాళ్లకీ చెప్పరు. ఇరవై ఎకరాల పట్టా తన పేర ఉన్న ముసలాయన నడిమింట్లో పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నా ఎవరూ కిక్కురుమనరు. పొద్దున్నే నాట్లకు పోయే డెబ్భై ఏళ్ల కూలి అవ్వకీ చెప్పరు. ఆమె మూల కూర్చుంటే ఆ పూట పొయ్యి వెలగదు. అంటే ఆస్తి ఉన్నవాడికి మూల అక్కర్లేదు, బొత్తిగా లేనివాడికి మూల దొరకదు. ఆ మూల మధ్యలో ఉన్నవాళ్ల కోసం ఏర్పాటైంది. పింఛను మీదో పిల్లల మీదో ఆధారపడి, చేతిలో పని పోయి, నోట్లో మాట మిగిలినవాళ్ల కోసం. వృద్ధాప్యంలో జీవితానికి అర్థం ఏమిటి అనే ప్రశ్నను మన పత్రికలు ఎక్కువగా వేసేదీ, మన కథకులు ఎక్కువగా రాసేదీ వీళ్ల గురించే. ఆ ప్రశ్న అబద్ధమైందని నేననను. ఎందుకంటే నేనూ వాళ్లలో ఒకణ్ని. అయితే అది ఎక్కడ పుట్టిందో చూడకుండా జవాబు వెతికితే చివరికి మనమూ మూలకే చేరతాం.

సంప్రదాయం అరవయ్యో ఏటికి ఒక తంతు పెట్టింది. షష్టిపూర్తి. ముసలి దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టి మళ్లీ పెళ్లి చేసి, పిల్లలచేత కాళ్లకు దణ్ణం పెట్టిస్తారు. పెళ్లి అని పేరే గాని జరిగేది వీడ్కోలు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీకి షష్టిపూర్తి సభలు జరిగినప్పుడు కూడా అలాంటి గౌరవనీయమైన వీడ్కోలు జరిగి ఉండేదే. అక్కడి విద్యార్థులు దాన్ని చెడగొట్టారు. శ్రీకాకుళంలో రైతాంగం పోరాడుతుండగా రచయితలు ఎటువైపు ఉంటారో చెప్పమని కరపత్రం వేసి సభలోనే సవాలు విసిరారు. ఆ ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘం రాజకీయాలతో ఏకీభవించేవాళ్లూ ఉంటారు, విభేదించేవాళ్లూ ఉంటారు. ఆ చర్చ ఇక్కడ అనవసరం. నేను చూపదలచుకున్నది ఒక్కటే. అరవయ్యేళ్ల కవిని దండవేసి కూర్చోబెట్టకుండా ప్రశ్న అడిగారు. నీ నుంచి మాకింకా ఒకటి రావాలి అన్నారు. ముసలితనానికి అంతకు మించిన సన్మానం నాకు తెలిసి లేదు. అప్పటికి అరవై దాటిన కొడవటిగంటి కుటుంబరావు కూడా ఆ సంఘంలో చేరాడు. 1952 నుంచి చేస్తున్న ‘చందమామ’ పని 1980 ఆగస్టులో చనిపోయేదాకా చేస్తూనే, రాస్తూనే ఉన్నాడు. ఆయనకు జీవితానికి అర్థం వెతుక్కునే తీరిక దొరికి ఉండదనుకుంటాను.

ఈ తీరిక సంగతే కొంచెం వివరంగా చూడాలి.

నేను కాలేజీ ఉద్యోగం నుంచి దిగిపోయి పన్నెండేళ్లయింది. దిగిపోయిన మొదటి ఆరునెలలూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొమ్మిదిన్నరకల్లా తయారై కూర్చునేవాణ్ని. ఎక్కడికీ వెళ్లేది లేదు. ముప్పై నాలుగేళ్లు గంటను తిట్టుకున్నవాణ్ని, గంట మోగకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు. మా ఆవిడ ఒకరోజు పప్పు ఏరుతూ, “మీకు రిటైర్మెంటు ఇచ్చారు సరే, నాకెప్పుడిస్తారో కనుక్కోండి” అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె పని ఆమెకు అర్థాన్నిచ్చిందా, విసుగునిచ్చిందా అని నేను అంతకుముందు ఎన్నడూ అడగలేదు. పనిలేక నేను, పని తీరక ఆమె, ఒకే ఇంట్లో ముసలివాళ్లమవుతున్నాం.

యవ్వనంలోనే మార్క్స్ 1844లో రాసుకున్న రాతప్రతుల్లో దీనికి మూలం చెప్పాడు. కూలికి అమ్ముకున్న పనిలో మనిషి తనకు తాను పరాయివాడవుతాడు, పని అయిపోయాకే తన ఇంట్లో తానున్నట్టుంటుంది. మనవాళ్లు దీన్ని ఫ్యాక్టరీ కార్మికుడికి అన్వయించి వదిలేస్తారు. గుమాస్తాకూ, పంతులుకూ, లెక్చరరుకూ దీన్ని చివరిదాకా అన్వయిస్తే తేలేది ఇది: ముప్పై ఏళ్లు పని కాని సమయమే తనదనుకుని బతికినవాడికి చివరికి మొత్తం సమయం ఇచ్చేస్తే, దాన్ని నింపడానికి తన దగ్గర ఏమీ ఉండదు. ఉన్న శక్తిని ముందే ఎవరికో అమ్మేశాడు. అతని వెలితిని మనశ్శాస్త్రజ్ఞుడు కుంగుబాటు అంటాడు, స్వాములవారు వైరాగ్యానికి మొదటి మెట్టు అంటాడు. పార్కుల్లో నవ్వుల క్లబ్బులు పెట్టి నవ్విస్తారు కూడా. నవ్వడం మంచిదే. కాని మధ్యాహ్నం రెండు గంటలకు ఆ నవ్వు పనికిరాదు.

సిమోన్ ద బోవా తన అరవై రెండో ఏట, 1970లో, వృద్ధాప్యం మీద ఒక పెద్ద పుస్తకం ప్రచురించింది. ముసలివాళ్ల పట్ల ఒక సమాజం ప్రవర్తించే తీరు ఆ సమాజం మొత్తాన్నీ బయటపెడుతుందని ఆమె వాదన. వయసొచ్చాక బతుకు వెక్కిరింతగా మారకుండా ఉండాలంటే మనుషుల కోసమో, ఒక లక్ష్యం కోసమో, ఒక పని కోసమో పాటుపడుతూనే ఉండాలని ఆమె చెప్పింది. వెంటనే, అలా పాటుపడే అవకాశం అతి కొద్దిమందికే మిగులుతుందని కూడా చెప్పింది. మొదటి మాటను ఉపదేశాలు చెప్పేవాళ్లు తీసుకుంటారు. రెండో మాటను వదిలేస్తారు. ఈ రెండు మాటల్నీ కలిపి పట్టుకోవడమే మనకు కావలసింది.

మన సాహిత్యంలోంచే రెండు జీవితాలు తీసుకుంటాను.

కాళీపట్నం రామారావు మాస్టారు 1924లో పుట్టారు. విశాఖలో బడిపంతులుగా పనిచేసి 1979లో రిటైరయ్యారు. ‘యజ్ఞం’ 1964 నాటిది. ఆయన్ని గొప్ప కథకుడిగా నిలబెట్టిన కథలు చాలావరకు ఆ తర్వాతి పదేళ్లలోపల వచ్చినవి. తర్వాత చాలా తక్కువ రాశారు. ఎందుకు రాయరు అని ఆయన్ని అడగనివాళ్లు లేరు. రాయడం ఆగిపోయిన రచయిత ముసలితనం చూడటానికి అంత బాగుండదు. సభలకు అధ్యక్షత వహిస్తూ, ముందుమాటలు రాస్తూ, ఈనాటి కథలో పస లేదని నిట్టూరుస్తూ కాలం గడిపే పెద్దలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. మాస్టారు ఆ దారిన పోలేదు. కొత్తవాళ్ల కథలు చదివారు, కథ ఎలా నడుస్తుందో చెబుతూ ‘కథాకథనం’ రాశారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అలా వచ్చిన డబ్బును మూలధనం చేసి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అప్పటికి ఆయనకు డెబ్భై రెండేళ్లు.

కథానిలయం అంటే ఏమిటో వెళ్లి చూడని విద్యార్థుల కోసం చెబుతాను. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్న సంకల్పం అది. పాత వారపత్రికలు, మాసపత్రికలు, సంకలనాలు, ఎవరి అటకమీదో చెదలు పడుతున్న కట్టలు అన్నీ చేరాయి. పోగుచెయ్యడం సగం పని. ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఏ నెలలో అన్నది జాబితా కట్టడం మిగతా సగం. మారుపేర్లున్నవాళ్లని పోల్చుకోవాలి, ఒకే పేరున్న ఇద్దర్ని విడదియ్యాలి. ఈ పనిలో ప్రతిభ అక్కర్లేదని కాదు గాని, ప్రతిభకు ఇందులో చప్పట్లు ఉండవు. ఆ జాబితాలోని కథల్లో నూటికి తొంభై మాస్టారు మెచ్చుకునేవి అయి ఉండవని కూడా నా అనుమానం. అయినా చేర్చారు. తన కథ రాయడం ఆగిన మనిషి ఇతరుల కథలు పోకుండా కాపలా కాశాడు. 2021 జూన్ 4న తొంభై ఆరేళ్ల వయసులో చనిపోయేదాకా ఆయన పేరు ఆ ఇంటితో కలిసే వినిపించింది.

ఇందులో త్యాగం ఉందని పొగడటం తేలిక. నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోచింది ఆ పనికున్న రోజువారీ స్వభావం. రాయడం వచ్చినప్పుడే వస్తుంది, రాకపోతే లేదు. జాబితా అలా కాదు. నిన్న ఆగిన చోట ఇవాళ మొదలవుతుంది. దానికి చూపు కావాలి, ఓపిక కావాలి, ఇంకొకరి సాయం కావాలి. పరిశోధన చేసే పిల్ల ఎవరో ఒక కథ అడుగుతుంది, అది దొరకాలి. పొద్దున్న లేవడానికి కారణం లోపలినుంచి కాక బయటినుంచి వస్తుంది. ఎవరో ఎదురుచూస్తున్నారు గనక లేవాలి. ముసలితనంలో అర్థం అనే దాన్ని నేను ఇంతకన్నా నిర్దుష్టంగా నిర్వచించలేను.

రెండో జీవితం ఇంత ప్రశాంతమైనది కాదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో పుట్టింది. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలిసేలోపల వైధవ్యం. సంస్కరణోద్యమ వాతావరణంలో కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి. కమ్యూనిస్టు పార్టీలో పాటలు పాడింది, నాటకాలు వేసింది, నిర్బంధ కాలంలో అజ్ఞాతంలో తిరిగింది. తర్వాత భర్త ఆమెను వదిలి వెళ్లిపోయాడు. ముప్పై అయిదేళ్లు దాటాక హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి, చిన్నపిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదివింది. కాకినాడలో పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టలుకు మేట్రన్‌గా చేరి పనిచేసింది. నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లిన కొడుకు తిరిగి రాలేదు. డాక్టరైన కూతురు తన భర్త చనిపోయాక తనూ ప్రాణం తీసుకుంది. మిగిలిన మనవరాళ్లిద్దర్నీ ఈ అమ్మమ్మ చూసుకుంది.

ఇన్ని దెబ్బలు వరసగా చెబితే కథకుడు అతిగా రాశాడంటారు. కోటేశ్వరమ్మ 2012లో, తొంభై దాటాక, ‘నిర్జన వారధి’ అనే పేరుతో తన జీవితం చెప్పుకుంది. ఆ పుస్తకంలో నన్ను ఆపింది విషాదం కాదు. విషాదాన్ని దాటే చోట్ల ఆమె చెప్పేవన్నీ పనులే కావడం. చదువు, జీతం, హాస్టలు పిల్లలు, ఇంటికొచ్చిన కార్యకర్తకు అన్నం, పాట, సాయం. మేట్రన్ పని ఏమిటో హాస్టళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు. బియ్యం లెక్క, జ్వరం వచ్చిన పిల్లకు గంజి, రాత్రి తలుపు గడియ, ఇంటిమీద బెంగపడ్డ పిల్ల ఏడుపు. కడుపున పుట్టినవాళ్లు ఉద్యమంలోకి వెళ్లిపోతే ఈమె పరాయి పిల్లల తలుపులకు గడియలు వేసింది. ఇందులో కవిత్వం వెతకనక్కర్లేదు, అది ఉద్యోగం, దాంతోనే తిండి. కాని ఆ ఉద్యోగం ఆమెను ఎవరి దయమీదా పడకుండా నిలబెట్టింది. వయసు మీదపడ్డాక కొన్నేళ్లు హైదరాబాదులో చండ్ర రాజేశ్వరరావు ఫౌండేషన్ వారి వృద్ధాశ్రమంలో ఉంది, తర్వాత విశాఖలో మనవరాలి దగ్గర. 2018 సెప్టెంబరులో, నూరేళ్లు నిండిన నెలన్నరకు వెళ్లిపోయింది.

పుస్తకం పేరును గమనించండి. వంతెన దాటినవాళ్లు వెనక్కి చూడరు. దాటించిన వంతెనమీద ఇప్పుడెవరూ లేరు. అయినా అది వారధే. తన మీదుగా ఎవరు నడిచి వెళ్లారో తొంభై ఏళ్ల తర్వాత కూర్చుని చెప్పడం జ్ఞాపకాల కాలక్షేపం అనుకోకూడదు. ఉద్యమ చరిత్రలు రాసిన మగవాళ్ల పుస్తకాల్లో ఆ నడిచిన కాళ్ల బరువు లెక్కకు రాలేదు. ఆమె చెప్పకపోతే మనకు తెలిసేది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను తెచ్చినప్పుడు కూడా జరిగింది ఇదే. తెలంగాణా పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గరికి వెళ్లి అడిగారు. అడిగేదాకా వాళ్లు మూలన ఉన్న ముసలమ్మలు. అడిగాక చరిత్రకారులు. అంటే ఇక్కడ కూడా అర్థం ముసలమ్మ లోపల ఎక్కడో దాగిలేదు. అడిగినవాళ్లకూ చెప్పినవాళ్లకూ మధ్య ఉంది.

ఈ రెండు జీవితాలనూ ఆదర్శంగా గోడకు తగిలించి, అందరూ ఇలా ఉండండి అంటే అది నవ్వుల క్లబ్బు కన్నా దారుణమవుతుంది. మాస్టారికీ కోటేశ్వరమ్మకూ అక్షరం ఉంది, ఉద్యమాలు సంపాదించిపెట్టిన మనుషులున్నారు. అవి లేనివాళ్ల మాటేమిటి? నిరుపేద వృద్ధులకు కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న పింఛను పథకం మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది నెలకు 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి రాష్ట్రం ఇచ్చేది 4,000. ఈ అంకెల మధ్య ఉన్న తేడా ముసలివాళ్ల రోజులో స్పష్టంగా కనిపిస్తుంది. చేతిలో నాలుగు రూపాయలున్న అవ్వను కృష్ణా రామా అనుకోమని చెప్పే గొంతు కొంచెం తగ్గుతుంది. ఆధ్యాత్మిక సమస్యలనుకునేవాటిలో కొన్ని నెల మొదటి తారీఖున సగం తీరిపోతాయి. మిగతా సగం తీరవు. ఆ మిగతా సగమే సాహిత్యం పని.

ఇక్కడ మన విమర్శకులు చేసే పొరపాటు ఒకటుంది. అర్థం ఉంటే చాలు, ముసలి బతుకు ధన్యమే అనుకుంటారు. ఆ అర్థం ఎవరిదో అడగరు. ‘యజ్ఞం’లో అప్పల్రాముణ్ని చూడండి. బతుకంతా కష్టపడి, చితికి, అప్పులో మిగిలిన ముసలివాడు. అతనికి బతుకులో అర్థం లేకపోలేదు. మాట తప్పకూడదు, అప్పు ఎగ్గొట్టకూడదు, ఊళ్లో పెద్దల ముందు న్యాయంగా నిలబడాలి. ఆ విలువకే కట్టుబడి అతను తలవంచుతాడు. దాని ఖరీదు కట్టవలసింది తర్వాతి తరం. కొడుకు సీతారాముడు తన బిడ్డనే నరుకుతాడు. ముసలివాడి నిజాయితీని మనం గౌరవిస్తాం, కాని ఆ నిజాయితీ షావుకారుకు వడ్డీగా పనికొచ్చింది. జీవితాన్ని నిలబెట్టిన నమ్మకమే ఎదుటి వర్గం చేతిలో తాడవుతుందని ఆ కథ అరవై ఏళ్ల క్రితమే చూపింది. వృద్ధాప్యంలో అర్థం గురించి రాయబోయే కథకుడు ముందు ఆ కథ మళ్లీ చదవాలి.

కాని మనకు ఏళ్ల తరబడి వస్తున్న కథలేమిటి? కొడుకు అమెరికాలో, ముసలి దంపతులు ఇక్కడ. ఫోను మోగుతుంది, లేదా మోగదు. చివర్లో ఒకరు చనిపోతారు, కొడుకు ఆలస్యంగా వస్తాడు. పోటీలకు వచ్చే కథలు చదివే పని నాకు కొన్నిసార్లు పడింది. ఈ కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అందులో అబద్ధం లేదు, అలాంటి ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి. కాని ఆ ముసలాయన ఫోను కోసం ఎదురుచూడని ఇరవై మూడు గంటలూ ఏం చేస్తున్నాడో కథకుడికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ముసలివాళ్లను జాలి కోసం పెడతారు, లేదా పాత విలువలకు ప్రతినిధులుగా పెడతారు. ముసలివాడు తప్పు చెయ్యడు, డబ్బు దాచుకోడు, పక్కింటావిడ మీద అసూయపడడు, కొత్త సంగతి నేర్చుకోడు. మంచం, మందులు, జ్ఞాపకాలు. ఇది కథలో కట్టిన మూల. ఇంట్లో మనం అన్న మాటే కథలో ఇంకొంచెం కన్నీళ్లతో అంటున్నాం.

కిందటేడు మా వీధి చివర పింఛన్లు ఇస్తుంటే చూశాను. ఒక అవ్వ వేలు యంత్రం మీద పెట్టింది. తీసుకోలేదు. తుడిచి పెట్టింది, తీసుకోలేదు. ఆ ఉద్యోగి కుర్రాడు మంచివాడే, అన్ని వేళ్లూ ప్రయత్నించాడు. మిరపకోతలకు పోయి, అంట్లు తోమి, గీతలు అరిగిపోయిన వేళ్లు అవి. “ఏం పని చేసేదానివే మామ్మా, ఒక్క గీతైనా మిగల్లేదు” అన్నాడు కుర్రాడు. “చేసేదాన్ని ఏంట్రా, రేపూ పోవాలి” అంది. చివరికి ముఖం ఫొటో తీసి డబ్బిచ్చాడు. నోట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తుంటే, ఏం చేస్తావు వీటితో అని అడిగాను. సగం చీటీకట, మనవరాలి కాలేజీ కోసం. ఆ చీటీ నడిపేది తనే. పన్నెండుమంది ఆడకూలీలు ఆ ముసల్దాని మాటమీద డబ్బు కడుతున్నారు. ఆ సాయంత్రం ఇద్దరు ఇవ్వలేదని, ఇవ్వనివాళ్ల ఇళ్లకే వెళ్తున్నానని చెప్పి గబగబా నడిచింది. నేను ఆమెతో నడవలేక వెనకబడ్డాను.